రాజీపడుట ఓటమి యగునా?



నీ ఊరిలో ఒక ఉమ్మడి బోరు ఉండవచ్చును. అది లేకున్న ఒక ఉమ్మడి గట్టో, రెండిండ్ల నడిమి గోడయో, ఎవరిదో తేలని చింతచెట్టో ఉండును. దానిని గూర్చిన తగవు తప్పక ఉండును. మన పుంగనూరు ఆవు పొట్టిదే గాని, అది గట్టు దాటి ప్రక్కవాని చేలో మూతి పెట్టినప్పుడు లేచు తగవు పొట్టిది కాదు. ఆ తగవు ఆదివారమున గుడిలోనికి కూడ వచ్చును. ఒక కుటుంబము ముందు వరుసలో కూర్చున్న యెడల మరియొక కుటుంబము వాకిలి దగ్గరనే నిలుచును. ప్రభువు బల్ల యొద్దకు వీరు వచ్చిన దినమున వారు రారు. ఇది నీవెరుగని సంగతి కాదు.

అట్టి తగవు ఒకటి నా చేతుల మీదుగా తీరినది. తీరినదని నేననుకొంటిని. దానిని గూర్చి వ్రాయుటకు నాకు సిగ్గుగా నున్నది. అయినను వ్రాయకుండుట ఇంకను సిగ్గు.

మదనపల్లె నుండి పుంగనూరునకు పోవు దారికి కొంచెము ఎడముగా నున్న ఊరు అది. పేరు చెప్పను. అన్నదమ్ములిద్దరు చెరి సగము డబ్బు పెట్టి, తమ పొలముల హద్దున బోరు వేయించిరి. దేవుని దయవలన నీళ్లు పడినవి. వారములో మూడు దినములు అన్నకు, మూడు దినములు తమ్మునికి వంతు. ఆదివారము మోటారునకు కూడ విశ్రాంతి. కొన్నాళ్లకు తమ్ముడు జబ్బుచేసి చనిపోయెను. అతని భార్యకు అక్షరము రాదు. కుమారునికి అప్పుడు తొమ్మిదేండ్లు. "ఆడమనిషి ఒంటిగా ఏం సేద్యం చేస్తుంది" అని బావగారు ఆమె వంతులో ఒక దినమును, పిమ్మట రెండు దినములను తన మడికి త్రిప్పుకొనుచు వచ్చెను. ఆమె మొదట అడిగెను. తరువాత అరచెను. ఆ తరువాత పుంగనూరు కోర్టులో దావా వేయుదునని చెప్పెను.

అప్పుడు సంఘపు పెద్దలము నలుగురము కూర్చుంటిమి. నేను ముప్పదియేండ్లు బడిలో అయ్యవారి పని చేసినవాడను గనుక కాగితము వ్రాయు పని నాకు తగిలినది. "చూడమ్మా, కోర్టుకు పోతే ఇద్దరూ చెడిపోతారు. మనం క్రైస్తవులం. రాజీ పడు" అని నేనే చెప్పితిని. ఆమె తల వంచుకొని కూర్చుండెను. కాగితములో ఇట్లు వ్రాసితిని: వారమునకు ఒక్క దినము నీరు ఆమెది, అది ఆమె జీవితకాలము వరకే, ఇక మీదట ఈ విషయమై ఆమె ఏ కోర్టుకును పోకూడదు. వ్రాసినదానిని పైకి చదివితిని కూడ. "సదరు", "ఇందుమూలముగా", "ఉభయులును సమ్మతించి" అను మాటలతో గడగడ చదివితిని. ఆమె తల ఊపెను. బొటనవ్రేలికి సిరా పూసి ముద్ర వేయించితిమి. ప్రార్థన చేసి, కాఫీ త్రాగి లేచితిమి. ఆ రాత్రి నేను చాల సంతోషముగా నిద్రపోయితిని.

మరుసటి వేసవిలో ఆమె టమాట తోట నిలువున ఎండిపోయెను. మదనపల్లె మార్కెట్టునకు ఒక్క పెట్టె కూడ పంపలేదు. ఒకనాడు ఆమె మా అరుగు దగ్గరకు వచ్చి నిలుచుండి, కోపము లేకుండ ఈ మాట అనెను: "అయ్యవారూ, మీరు చదివినారు. నాకు అర్థం కాలేదు. మీరు చదివినారు గదా అని వేలు వేసినాను."

చదువరీ, ఈ మాటకు నీవేమి జవాబు చెప్పియుందువు? నాకు జవాబు దొరకలేదు. సమాధానపరచువాడనని నేను పొంగిపోయితిని. నిజముగా నేను చేసినదేమి? బలహీనురాలి వంతును బలవంతుని చేతిలో పెట్టి, దానికి సమాధానమని పేరు పెట్టితిని.

ఊరిలో కొందరు, రాజీపడుట చేతకానివాని పని, మగవాడైతే కోర్టులో తేల్చుకొనవలెను అందురు. గుడిలో మనము, రాజీపడుట ఎల్లప్పుడును పుణ్యకార్యమే అందుము. ఉభయులును కాగితములో నేమున్నదో చూడకయే మాటలాడుచున్నారని ఇప్పుడు నాకు తోచుచున్నది.

కుప్పం ప్రాంతపు సంఘకాపరి యొకరి కుమార్తె తిరుపతిలో న్యాయశాస్త్రము చదువుచుండెను. సెలవులలో ఆ బిడ్డ మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినప్పుడు నేను ఆ కాగితమును తీసి చూపితిని. ఆమె దానిని రెండుసార్లు మెల్లగా చదివి, "తాతా, దీన్ని మీరే రాసినారా?" అని అడిగెను. అవునంటిని. అప్పుడు ఆమె చెప్పిన సంగతులు నేను నీకును చెప్పవలెను, ఏలయనగా నీవును ఏదో ఒకనాడు అట్టి కాగితము వ్రాయుదువు, లేక దానిమీద వేలు వేయుదువు.

కోర్టుకు పోకూడదని వ్రాసిన షరతు చెల్లదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టము 28వ సెక్షను అట్టి కట్టుబాటును కొట్టివేయుచున్నది. రెండవ సంగతి, ఆ కుటుంబము క్రైస్తవ కుటుంబము గనుక వారి ఆస్తికి 1925 నాటి భారత వారసత్వ చట్టము వర్తించును. వీలునామా వ్రాయక చనిపోయినవాని ఆస్తిలో భార్యకు మూడవ వంతు, బిడ్డలకు మిగిలిన రెండు వంతులు. కాబట్టి నేను "ఆమె జీవితకాలము వరకే" అని వ్రాసినప్పుడు, తొమ్మిదేండ్ల బిడ్డకు చెందిన దానిని అతనిని గాని కోర్టును గాని అడుగకయే కొట్టివేసితిని. మూడవది నన్ను మిక్కిలి గాయపరచినది. సమ్మతి యనగా ఇరువురును ఒకే సంగతిని ఒకే అర్థముతో ఒప్పుకొనుట అని అదే కాంట్రాక్టు చట్టము 13వ సెక్షనులో నున్నదట. ఆమె ఒప్పుకొన్నది నా ముఖమును చూచి. కాగితమును చూచి కాదు. ఇక అది సమ్మతి ఎట్లగును?

ఆ బిడ్డ నన్ను గద్దించుటకు ఈ మాటలు చెప్పలేదు. పాఠము అప్పగించినట్లు చెప్పెను. అందుచేతనే ఎక్కువ నొప్పి కలిగినది.

ఇంత స్పష్టముగా చెప్పుట ఎక్కడ నేర్చితివని అడిగితిని. ఆమె నవ్వి, మొదటి సంవత్సరము తాను పరీక్ష తప్పిన కథ చెప్పెను. కుప్పం మూడు రాష్ట్రములు కలియు మూల గదా. ఇంట తెలుగు, సంతలో తమిళము, అత్తల ఇంట కన్నడము ఆమెకు పుట్టుకతోనే వచ్చినవి. ఆ ఊరిలోనే 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది. అయినను న్యాయ కళాశాలలో అడుగు పెట్టగానే ఈ మూడు భాషలును ఆమెకు అక్కరకు రాలేదు. సుప్రీంకోర్టు తీర్పులు ఇంగ్లీషు, పాఠ్యపుస్తకములు ఇంగ్లీషు, ప్రక్కన కూర్చున్న పట్టణపు బిడ్డలు పలుకు మాటలు ఇంగ్లీషు. మూడు భాషలు వచ్చిన బిడ్డ ఏ భాషయు రానిదానివలె వెనుక బల్ల మీద కూర్చుండెను.

అక్కడ ఒక అధ్యాపకురాలికి రెండు పనులు అప్పగింపబడియున్నవి. చదువులో వెనుకబడిన విద్యార్థులను లేవనెత్తుట ఒకటి. తగవులను కోర్టు వెలుపల తీర్చు విధమును బోధించుట రెండవది. ఆమె ఈ బిడ్డను సాయంకాలము పిలిచి, ఒక తీర్పులో అరపేజీ ఇచ్చి, "దీనిని తెలుగులో నాకు కథగా చెప్పు" అనెనట. ఎవడు ఎవని సొత్తు తీసికొనెను? ఎవడు ఏమి అడిగెను? జడ్జి ఏమనెను? ఎందుకనెను? కథ చెప్పుట వచ్చిన తరువాత అదే కథను అయిదు పంక్తులలో ఇంగ్లీషున వ్రాయమనెను. ప్రతిదినము ఒక అరపేజీ. తప్పు వ్రాసినదానిని ఎర్ర సిరాతో కొట్టివేయక, "ఈ మాట ఎందుకు వ్రాసితివి?" అని అడుగుచుండెను. ఒక సంవత్సరము గడచునప్పటికి ఆ బిడ్డ వెనుక బల్ల విడిచి వచ్చినది. ఆ అయిదు పంక్తుల అలవాటుతోనే ఆమె నా కాగితమును చదివి విప్పి చెప్పినది.

ఈ పద్ధతి విన్నప్పుడు నాకు మన ఊరి బెసెంటు థియసాఫికల్ కళాశాల జ్ఞాపకము వచ్చినది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూరు అక్కడ బసచేసినప్పుడే తన జనగణమన గీతమును వంగభాష నుండి ఇంగ్లీషులోనికి మార్చెను. ఒక భాషలో హృదయమున నున్నదానిని మరియొక భాషలోనికి చెడకుండ తెచ్చుట మహాకవులకే గాక, కుప్పం బిడ్డకును, ఆమె రేపు నిలువబోవు కోర్టు వాకిటను కూడ అవసరమైన పని.

ఇక్కడ ఒక ఆక్షేపణ వచ్చును. అది తేలికైనది కాదు. తోటి విద్యార్థులు ఆ అధ్యాపకురాలితో, "మేమును ఫీజు కట్టితిమి. ఆమెకు మాత్రము దినమునకు ఒక గంట ఎక్కువ యేల?" అని అడిగిరట. ద్రాక్షతోటలో ఉదయము నుండి పని చేసినవారు సణిగిన ఉపమానము నీకు జ్ఞాపకము వచ్చుచున్నది గదా? నాకును మొదట అదే జ్ఞాపకము వచ్చినది. అయితే బాగుగా ఆలోచింపగా ఇది ఆ ఉపమానము వంటిది కాదని తెలిసికొంటిని. ఆ అధ్యాపకురాలు మార్కులు పంచిపెట్టలేదు. ప్రశ్నాపత్రమును సులభము చేయలేదు. గోడ ఎత్తు తగ్గింపలేదు, నిచ్చెన వేసినది. గోడ ఎత్తు తగ్గించిన యెడల మనకే నష్టము. చదువలేని ప్లీడరు రేపు నీ విధవ చెల్లెలి దస్తావేజును నేను చదివినట్లే గడగడ చదివి ముంచివేయును. న్యాయ కళాశాలలో బలహీనుడైన విద్యార్థికి చేసిన సహాయము అతనికి మాత్రమే చేసినది కాదు. అతని ఎదుట బెంచీ మీద కూర్చుండబోవు నిరుపేద కొరకు కూడ చేసినదే.

మన మిషను బడుల చరిత్రలో ఇది క్రొత్త సంగతియా? 1863లో వైద్యుడును బోధకుడునైన జేకబ్ చేంబర్లెన్ దొర మదనపల్లెలో స్థిరపడినప్పటి నుండి ఈ ప్రాంతమున బడులు వెలసినవి. మన తాతలు సువార్త చదువుటకే అక్షరములు నేర్చుకొనిరి. అయితే సువార్త చదువగలిగిన కన్ను షావుకారి ప్రామిసరీ నోటును కూడ చదివినది. ఈ రెండవ ఫలమును గూర్చి మనము గుడిలో చెప్పుకొనుట తక్కువ.

సముద్రమునకు ఆవల ఈ రెండు పనులును ఒకే మనుష్యుని జీవితములో కలిసిన చరిత్ర యున్నది. ఫ్రాంక్ సాండర్ 1927లో జర్మనీ దేశపు స్టుట్‌గార్టు పట్టణములో యూదుల ఇంట పుట్టెను. హిట్లరు కాలమున బాలుడుగానే ఇల్లు విడిచి పారిపోయి అమెరికా చేరెను. పెరిగి హార్వర్డు న్యాయ కళాశాలలో అధ్యాపకుడాయెను. 1965లో దక్షిణ రాష్ట్రముల నల్లజాతి కళాశాలల విద్యార్థులకు ఆ కళాశాలలో వేసవి తరగతులు జరిగినవి. న్యాయవాదులు కాగలమను ధైర్యము లేని ఆ బిడ్డలకు దారి చూపిన పనిలో అతడు ముఖ్యుడు. మూడేండ్లకు ఆ మాదిరి మీదనే 1968లో దేశమంతటికి ఒక సంస్థ ఏర్పడినది. ఆ సాండరే 1976 ఏప్రిలులో సెయింట్ పాల్ నగరపు సభలో న్యాయాధిపతుల ఎదుట ఒక క్రొత్త ఆలోచన పెట్టెను: కోర్టుకు ఒకే వాకిలి యేల? వచ్చిన తగవును గుమ్మము దగ్గరనే పరిశీలించి, కొన్నిటిని రాజీ వాకిటికి, కొన్నిటిని మధ్యవర్తి తీర్పునకు, కొన్నిటిని జడ్జి యొద్దకు పంపవచ్చును గదా? దానిని బహు ద్వారముల కోర్టు అని తరువాత పిలిచిరి. అతడు 2018లో మరణించెను.

నేను ఇందులో గమనించినది ఇది. అతడు మొదట నోరులేనివారికి నోరిచ్చు పని చేసెను. రాజీని గూర్చి మాటలాడినది పదకొండేండ్ల తరువాత. నేను ఈ వరుసను తలక్రిందులు చేసితిని.

అదే 1976లో మన దేశమున నలుబదిరెండవ సవరణచేత రాజ్యాంగములో 39-ఏ అధికరణము చేరినది. పేదరికము వలన గాని మరి యే లోపము వలన గాని ఎవనికిని న్యాయము అందకపోకూడదనియు, ప్రభుత్వమే ఉచితముగా న్యాయసహాయము చేయవలెననియు దాని భావము. 1982లో గుజరాతు దేశమున జునాగఢ్ జిల్లాలో లోక్ అదాలత్ ఆరంభమైనది. 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము వచ్చి 1995 నవంబరు 9న అమలైనది. ఆ చట్టమే న్యాయ కళాశాలలలో పేదలకు సహాయము చేయు కేంద్రములను నడిపింపవలెనని చెప్పుచున్నది. కేరళ దేశమున 1935లో పుట్టిన మాధవ మీనన్ అను ఆచార్యుడు, ప్లీడరు విద్యార్థి పుస్తకములోనే గాక పేదవాని తగవులోనే న్యాయశాస్త్రము నేర్చుకొనవలెనని జీవితమంతయు పోరాడెను. బెంగళూరులోని జాతీయ న్యాయ విద్యాలయమునకు పునాది వేసినవాడు ఆయనే. మన హైదరాబాదులోని నల్సార్ 1998లో ఆ త్రోవనే వెలసినది. 2008 నాటి బార్ కౌన్సిలు నియమముల ప్రకారము తగవుల ప్రత్యామ్నాయ పరిష్కారము ప్రతి న్యాయ విద్యార్థియు చదివి తీరవలసిన పాఠము.

అయితే లోక్ అదాలత్‌ను గూర్చి నీవు తెలిసికొనవలసిన దొకటి యున్నది. అక్కడ ఖర్చు లేదు. పెండింగులో నున్న దావా అక్కడ తీరిన యెడల కట్టిన కోర్టు ఫీజు తిరిగి వచ్చును. అక్కడి అవార్డు సివిలు కోర్టు డిక్రీతో సమానము. దానిమీద అప్పీలు లేదు. ఈ చివరి మాట దగ్గర ఆగుము. అప్పీలు లేనిచోట అర్థముగాక వేలు వేసినవాని గతి యేమి? మా అరుగు మీద వేసిన వేలికైనను మరియొక మార్గమున్నది. అక్కడ వేసిన వేలు గట్టిది. అందుకే సుప్రీంకోర్టు 2008లో జలౌర్ సింగ్ కేసులో లోక్ అదాలత్‌కు తీర్పు చెప్పు అధికారము లేదనియు, ఇరుపక్షములును నిజముగా ఒప్పుకొన్నప్పుడే అవార్డు పుట్టుననియు స్పష్టము చేసినది. నీకు ఇష్టము లేనియెడల "నాకు ఒప్పుదల లేదు" అనవచ్చును. ఎవరును కోపపడుటకు వీలులేదు. తగవు మరల కోర్టునకు పోవును, అంతే.

ఇంకొకటి. రాజీకి తగని సంగతులు ఉన్నవి. చట్టము రాజీ ఒప్పుకొనని నేరములు లోక్ అదాలత్‌లోనికే రావు. మనము మాత్రము గుడి పరువు పోవునని చెప్పి, కొట్టబడిన ఆడబిడ్డను, చెరచబడిన పసిదానిని అరుగు మీద కూర్చుండబెట్టి క్షమింపుమని చెప్పుచుందుము. అది సమాధానము కాదు. పోలీసు ఠాణాకు తోడు వెళ్లవలసిన చోట తలుపు మూయుట అది.

ఉచిత న్యాయసహాయమునకు ఎవరు అర్హులు? స్త్రీలును పిల్లలును ఎంత ఆదాయమున్నను అర్హులే. అంగవైకల్యము గలవారు, ఖైదులో నున్నవారు, కరువు వరద పాలైనవారు అర్హులు. షెడ్యూల్డు కులములవారు, తెగలవారు అర్హులు. ఇక్కడ మన సంఘములలో ఒక చిక్కు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తరువు ప్రకారము షెడ్యూల్డు కులముల నుండి క్రైస్తవులైనవారు ఆ జాబితాలో చేరరు. మన రాష్ట్రములో వారు బి.సి.-సి వర్గము. ఇది న్యాయమా కాదా అను వాదము వేరు. అయితే ఆ తలుపు మూసియున్నదని వెనుకకు రావలదు. ఆదాయము తక్కువైనవారికి వేరుగా తలుపున్నది, ఆడవారికి వేరుగా నున్నది. మదనపల్లెలోను, పుంగనూరులోను, కుప్పములోను కోర్టు ఆవరణములోనే న్యాయసేవా కమిటీ యున్నది. అచ్చట అడుగుము.

2021 జూలైలో సుప్రీంకోర్టులో జరిగిన ఒక సంగతి పత్రికలలో వచ్చినది. ఆంధ్రదేశపు భార్యాభర్తలు ఇరువది యేండ్లుగా కోర్టుల చుట్టు తిరిగిరి. భర్తకు జైలుశిక్ష పెంచవలెనని భార్య కోరెను. విచారణలో ఆమె ఇంగ్లీషులో మాటలాడలేక తడబడుచుండగా, అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ గారు తెలుగులో చెప్పుమనిరి. ఆమె చెప్పినదానిని తోటి న్యాయమూర్తికి తామే వివరించిరి. భర్త జైలునకు పోయిన యెడల ఉద్యోగము పోవుననియు, ఆమెకు వచ్చుచున్న భరణము కూడ నిలిచిపోవుననియు తెలుగులోనే విప్పి చెప్పిరి. ఆమె ఆలోచించి, కలిసి యుండుటకు ఒప్పుకొనెను. ఆ ముగింపు అందరి ఆడవారికిని తగినదని నేను చెప్పను; మరియొక ఇంట అదే ముగింపు ప్రమాదము కావచ్చును. నాకు నచ్చినది ముగింపు కాదు. ఇరువది యేండ్ల తరువాత దేశపు అత్యున్నత స్థానములో ఆమె తన మాటతో అడిగెను, తన మాటలో జవాబు వినెను. రాజీయో వ్యాజ్యెమో తేల్చుకొనుట ఆ తరువాతనే.

మన పెద్దలు తరచుగా పౌలు కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రిక ఆరవ అధ్యాయమును చూపి, విశ్వాసులు కోర్టుకు పోకూడదందురు. నేనును అదే చూపితిని. ఇప్పుడు ఆ అధ్యాయమును మరల చదువగా, సహోదరుల మధ్య తీర్పు తీర్చగల జ్ఞానవంతుడు మీలో లేడా అని అపొస్తలుడు ముందుగా పెద్దలనే సిగ్గుపరచుచున్నాడు. నష్టము సహింపరాదా అని అతడు అడుగుటయు నిజమే. అయితే ఆ ప్రశ్నను ఎవరి తట్టు త్రిప్పవలెను? వారమునకు అయిదు దినములు నీరు పారించుకొనుచున్న అన్న తట్టు త్రిప్పవలసినదానిని నేను విధవరాలి తట్టు త్రిప్పితిని. నష్టము సహించుట తన వంతు ఎంతయో ఎరిగి విడిచిపెట్టువాని ధర్మము. ఎరుగనివాని చేతినుండి లాగుకొని, సహింపుమని బోధించుట పెద్దరికము కాదు.

ఆ వేసవి తరువాత నేను ఆమెను వెంటబెట్టుకొని పుంగనూరు వెళ్లితిని. కోర్టు ఆవరణలో న్యాయసేవా కమిటీవారు దరఖాస్తు తీసికొని, ఉచితముగా ఒక ప్లీడరును ఇచ్చిరి. దావా వేసిరి. నేను వ్రాసిన కాగితమును ఆ ప్లీడరు ముందు పెట్టి, తప్పు నాదని చెప్పితిని. బావగారు నాతో ఆరు నెలలు మాటలాడలేదు. ఆ తరువాత ఒక శనివారము లోక్ అదాలత్‌లో తగవు విచారణకు వచ్చెను. కుమారుడు మైనరు గనుక అతని పక్షమున రాజీపడుటకు కోర్టు అనుమతి కావలసి వచ్చెను; అదియు తీసికొనిరి. కుప్పం బిడ్డ ఆ దినము తన కళాశాల తరపున అక్కడికి వచ్చియుండెను. రాజీ పత్రమును చేతికి తీసికొని ఆమె ప్రక్కన బెంచీ మీద కూర్చుండి, ఒక్కొక్క పంక్తిని మన ఊరి మాటలలో చెప్పెను. చెప్పి, కాగితము బోర్లించి, "పెద్దమ్మా, ఇప్పుడు మీరు నాకు చెప్పండి. ఇందులో ఏముంది?" అని అడిగెను.

ఆమె వ్రేళ్లు మడచి లెక్కపెట్టుచు చెప్పెను. సోమ, మంగళ, బుధ వారములు నావి. కరెంటు పోయిన దినము మరునాటికి కలుపుకొనవలెను. మోటారు చెడిపోయిన ఖర్చు సగము సగము. అక్కడ ఆగి, "నా తదనంతరము నా కొడుకుకు అని ఇందులో లేదే" అనెను. నిజముగానే లేదు. ఆ బిడ్డ కాగితము త్రిప్పి చూచి, ప్లీడరును పిలిచెను. బావగారు ఏదో అనబోయి నా ముఖము చూచి మానుకొనెను. క్రొత్త కాగితము వ్రాయుటకు మరియొక గంట పట్టినది. మేమందరము ఎండలో చింతచెట్టు క్రింద నిలుచుంటిమి. వ్రాసి తెచ్చిన తరువాత ఆమె మరల మొదటి నుండి చదివించుకొని వినెను.